ఉగ్గుగిన్నె, పప్పుగుత్తి, సీరియల్ డబ్బా: ఆరు నెలలు నిండిన బిడ్డకు ఏది ఎంచుకోవాలి?

ఆరు నెలలు నిండే వేళకి ఇంట్లో మూడు సలహాలు సిద్ధంగా ఉంటాయి. నాయనమ్మ బీరువాలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసి కడుగుతుంది. ఫోన్‌లో ఎవరో ఉడికించిన క్యారెట్ ముక్కని బిడ్డ చేతికే ఇచ్చేయమంటారు. మందుల షాపులో సీరియల్ డబ్బా ఉండనే ఉంది, వేణ్ణీళ్ళు పోసి కలిపితే చాలు. మూడింట్లోనూ పనికొచ్చేది ఉంది, మూడింట్లోనూ చిక్కు ఉంది. ఎవరూ గొప్పగా చెప్పని నాలుగోది మన వంటింట్లోనే ఉంది: పప్పుగుత్తితో మెదిపిన పప్పన్నం. మా ఓటు దానికే. ఎందుకు దానికి వేస్తున్నామో, అది ఏ ఇంటికి కుదరదో, మిగతావాటిని ఎక్కడ వాడుకోవచ్చో చెబుతాం.

మొదలుపెట్టే రోజు

లెక్క సులువు: 180 రోజులు నిండాక. అప్పటిదాకా తల్లిపాలే, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత కూడా పాలు మానిపించే పని లేదు. రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నెలలతో పాటు బిడ్డలో మూడు గుర్తులు చూడండి. మెడ నిలబడాలి. కాస్త ఆసరా ఇస్తే కూర్చోవాలి. చెంచా నోటి దగ్గరికి తెస్తే నోరు తెరవాలి, పెట్టినదాన్ని నాలుకతో బయటికి తోసేయకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ లెక్క వేరు, పిల్లల డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి.

ఆడపిల్లకి అయిదో నెలలో అన్నప్రాసన ముహూర్తం కుదిరిందనుకోండి, ఇంద్రకీలాద్రి మీద చేయించినా ఇంట్లో చేయించినా పరమాన్నం పెదవికి తాకించి ఊరుకోండి. ఆచారం తీరిపోతుంది. అసలు తిండి 180 రోజులు నిండాకే మొదలవుతుంది. అలాగని ఎనిమిదో నెల దాకా ఆగకండి. పుట్టినప్పుడు ఒంట్లో దాచుకున్న ఐరన్ ఆరు నెలలకి తరిగిపోతుంది, తల్లిపాలలో అది చాలా తక్కువ.

పద్ధతి కంటే ముందు చిక్కదనం

ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ ఒక్క లెక్క తప్పితే బిడ్డ బరువు పెరగదు. అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

తల్లిపాలు తాగే 6 నుంచి 8 నెలల బిడ్డకు పైతిండి నుంచి రోజుకి సుమారు 200 కేలరీలు రావాలి. 9 నుంచి 11 నెలల్లో 300, ఏడాది దాటాక 550. బిడ్డ పొట్ట కిలో బరువుకి 30 మి.లీ. చొప్పున పడుతుంది. అంటే 8 కిలోల బిడ్డకి ఒక పూటకి 240 మి.లీ. మించి ఎక్కదు.

ఇప్పుడు గ్లాసుడు నీళ్ళలో ఒక టేబుల్ స్పూన్ రాగిపిండి కలిపి కాచిన జావ తీసుకోండి. పిండి 10 గ్రాములు, కేలరీలు 32 దాకా. పొట్ట నిండిపోయింది, బిడ్డ నిద్రపోయింది, అందరికీ తృప్తి. కానీ 200 కేలరీలు రావాలంటే అలాంటి గ్లాసులు ఆరు కావాలి. అదే గ్లాసు నీళ్ళలో 30 గ్రాముల బియ్యం-పెసరపప్పు రవ్వ ఉడికించి ఒక టీస్పూన్ నెయ్యి వేస్తే 150 కేలరీలు వస్తాయి. పట్టిన చోటు అదే, బలం నాలుగు రెట్లు దాటింది. పప్పు మీద తేటకట్టు, చారు పిసికిన అన్నం, అన్నం వార్చిన గంజి కూడా ఆ పలచటి జావ బాపతే. బలం గిన్నె అడుగున ఉన్న పప్పులో ఉంటుంది, పైన తేలిన నీళ్ళలో కాదు.

ఇంట్లో చూసుకునే పరీక్ష: చెంచాలో తీసి పక్కకి వంచండి. జారి కారిపోతే పలచన. చెంచాను అంటిపెట్టుకుని మెల్లగా జారితే సరి. మొదటి వారంలో గరిటజారు కంటే కొంచెం మాత్రమే చిక్కగా ఉన్నా ఫర్వాలేదు, రెండో వారానికి చెంచాలో నిలవాలి.

ఉగ్గుగిన్నె

కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నె కొమ్ముతో గొంతులోకి పోయడం పాత అలవాటు. ఇందులో రెండు తప్పులున్నాయి. పడుకున్న బిడ్డ గొంతులో పోసినది మింగే వేగాన్ని బిడ్డ నిర్ణయించదు, పోసే చెయ్యి నిర్ణయిస్తుంది. ఏడుస్తూ ఊపిరి పీల్చుకున్న క్షణంలో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా దాకా తెస్తుంది. రెండోది, కొమ్ములోంచి జారాలంటే తిండి నీళ్ళగా ఉండి తీరాలి. అంటే గిన్నే పలచనని కోరుతుంది.

గిన్నె పారేయమనడం లేదు. బిడ్డను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, తనే చప్పరించేలా గుక్కెడు కాచి చల్లార్చిన నీళ్ళు పట్టడానికి బాగుంటుంది. ఆరు నెలలు దాటాక తిండి మధ్యలో రెండు మూడు గుక్కలు చాలు. పాలసీసా కంటే నూరు రెట్లు నయం, కడగడం సులువు. వస, కరక్కాయ అరగదీసి పోయడం మాత్రం మానేయండి, వాటితో వచ్చే లాభం ఏమీ లేదు.

రాగి మాల్ట్: కొన్నదా, ఇంట్లో మొలకెత్తించినదా

రాగుల్లో క్యాల్షియం దండిగా ఉంటుంది, 100 గ్రాములకి 360 మి.గ్రా. పైనే. ఐరన్ మాత్రం అందరూ అనుకున్నంత ఒంటికి పట్టదు, పొట్టులోని ఫైటేట్లు, టానిన్లు అడ్డుపడతాయి. మొలకెత్తిస్తే ఆ అడ్డు తగ్గుతుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. మొలకలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది కాబట్టి, చిక్కటి జావ నీళ్ళు పోయకుండానే పలచబడుతుంది.

చేసే విధానం: రాగులు కడిగి 12 గంటలు నానబెట్టండి. తడి గుడ్డలో మూటకట్టి రోజు నుంచి రోజున్నర ఉంచండి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు చిలకరించండి. మొలక కనిపించాక పల్చగా ఆరబెట్టండి. బాగా ఎండాక సన్నని సెగ మీద వాసన వచ్చేదాకా మాత్రమే వేపండి, మాడితే ఎంజైము చచ్చిపోతుంది. మెత్తగా ఆడించి, పలచటి గుడ్డలో జల్లించి పొట్టు తీసేయండి. వానల్లో మూట పుల్లవాసన కొట్టినా, బూజు కనబడినా మొత్తం పారేయాలి, ఎండబెట్టి వాడుకుందామనుకోవద్దు.

దాని పనితనం చూడాలంటే ఇలా చేయండి. బియ్యం-పప్పు రవ్వని గరిట నిలబడేంత చిక్కగా ఉడికించండి. పొయ్యి కట్టేసి రెండు మూడు నిమిషాలాగి, ఒక టీస్పూన్ మొలకల పిండి చల్లి కలపండి. కొద్ది నిమిషాల్లో అది కళ్ళముందే గరిటజారుకి దిగుతుంది. మళ్ళీ ఒక్క నిమిషం మరగనిచ్చి దించండి. జబ్బుపడి లేచిన బిడ్డ, ముద్ద మింగడానికి మొండికేసే బిడ్డ ఉన్న ఇంట్లో ఇంతకు మించిన చిట్కా లేదు.

కొన్న మాల్ట్ డబ్బా సంగతి వేరు. వెనక రాసిన పదార్థాల వరుసలో పంచదార, బెల్లం, పాలపొడి, కోకో ముందే కనబడితే అది బిడ్డ తిండి కాదు. రకరకాల గింజలు, జీడిపప్పు, బాదం అన్నీ కలిపి ఆడించిన ఆరోగ్య పిండ్లకి ఇంకో చిక్కుంది. ఒంటి మీద దద్దుర్లు లేస్తే ఏ గింజ వల్ల లేచాయో ఎవరూ చెప్పలేరు.

సీరియల్ డబ్బా

దాని మంచి ముందు చెబుదాం. ఐరన్ కలిపి ఉంటుంది. రైల్లో, పెళ్ళిళ్ళలో, వంటకి వీలులేని చోట పనికొస్తుంది. ఇక చెడు. ఒక్కటే రుచి, ఒక్కటే నునుపు, తొమ్మిదో నెలకీ అదే. డబ్బా మీదే బతికిన బిడ్డ అన్నం మెతుకు తగిలితే ఓకరిస్తుంది. చక్కెర సంగతి కూడా చూసుకోవాలి. మన దేశంలో అమ్మే సెరెలాక్ రకాల్లో ఒక్కో పూట తిండికి సగటున 2.7 గ్రాముల చక్కెర కలుస్తోందని 2024 ఏప్రిల్లో స్విట్జర్లాండ్ సంస్థ పబ్లిక్ ఐ బయటపెట్టింది. ఆ తర్వాత చక్కెర కలపని రకాలూ వచ్చాయి. కాబట్టి డబ్బా ముందు బొమ్మ కాదు, వెనక పట్టీలో ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరుస చూసి కొనండి.

ఇంకో సంగతి. రెండేళ్ళలోపు పిల్లల డబ్బా తిండికి ప్రకటనలివ్వడం, నమూనా డబ్బాలు ఉచితంగా పంచడం మన దేశంలో 1992 నాటి చట్టం ప్రకారం నేరం. ఎవరైనా ఊరికే ఇస్తున్నారంటే ఆలోచించండి.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార కలిసిన పిండి. బలమైనదే, తీసుకోండి, వాడండి. తీపి అందులోనే ఉంది కనుక మళ్ళీ పంచదార వేయకుండా, రోజుకి ఒక పూటకి సరిపెట్టి, మిగతా పూటలు ఇంటి తిండి పెట్టండి.

చేతికి ముక్కలిచ్చే పద్ధతి

చెంచా లేకుండా, ఆరు నెలలు నిండినప్పటి నుంచే బిడ్డ తనే పట్టుకుని తినే పద్ధతి ఇది. పెద్దవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. కానీ న్యూజిలాండ్‌లో 206 మంది పిల్లల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, చెంచాతో తిన్నవాళ్ళకీ తామే తిన్నవాళ్ళకీ గొంతులో అడ్డంపడడంలో తేడా కనబడలేదు. ఇక్కడో షరతు ఉంది: ఏ ముక్క ఇవ్వొచ్చో, ఏది ఇవ్వకూడదో తామే తిన్న పిల్లల తల్లిదండ్రులకి ముందే నేర్పారు. అయినా రెండు గుంపుల్లోనూ సుమారు మూడో వంతు పిల్లలకి 6, 8 నెలల మధ్య ఒక్కసారైనా అడ్డంపడింది. అంటే ఏ పద్ధతిలోనైనా కళ్ళు బిడ్డ మీదే ఉండాలి.

ముక్క కొలత: పెద్దవాళ్ళ చూపుడువేలంత పొడవు, అంత లావు. పిడికిట్లోంచి పైకి కొంచెం మిగలాలి, ఎందుకంటే ఆరు నెలల బిడ్డ పిడికిలి విప్పి లోపలున్నది తినలేదు. మెత్తదనం: బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే తేలిగ్గా చితకాలి. ఉడికించిన చిలగడదుంప, క్యారెట్, గుమ్మడికాయ, సొరకాయ, పలుచటి ఆమ్లెట్ ముక్క, బాగా పండిన చక్కెరకేళి ఇందుకు సరిపోతాయి. బంగినపల్లి ముక్క చేతిలోంచి జారిపోతుంటే పుట్నాల పొడిలో దొర్లించి ఇవ్వండి, పట్టు దొరుకుతుంది. ఎనిమిది తొమ్మిది నెలలకి రెండు వేళ్ళతో గిల్లి పట్టుకోవడం వచ్చాక బఠాణీగింజంత మెత్తని ముక్కలకి దిగొచ్చు.

ఇడ్లీ మీద అందరికీ గుడ్డి నమ్మకం. పొడిగా ఇస్తే అది నోట్లో ఉండకట్టి అంగిట్లో అతుక్కుంటుంది. నెయ్యితోనో పప్పుతోనో తడిపి ఇవ్వండి.

ఈ పద్ధతి లోటు ఏమిటంటే, మొదటి రెండు నెలలు బిడ్డ తినేదానికంటే పారేసేది ఎక్కువ, ఐరన్ ఉన్న పప్పూ మాంసమూ చేతిలో పట్టవు. బరువు తక్కువున్న బిడ్డకి ఇది ఒక్కటే పెట్టుకోవద్దు.

మిక్సీయా, పప్పుగుత్తా

చెంచాతో పెట్టేవాళ్ళకి అసలు ఎంపిక ఇక్కడుంది. మిక్సీలో రెండు తిప్పులు తిప్పితే అంతా నున్నని పేస్టు. మొదటి వారం పది రోజులకి సరే. ఆ తర్వాత కూడా అదే పెడుతుంటే నాలుకకి మింగడమే తెలుస్తుంది, దవడకి పని తగలదు. ఇంగ్లండ్‌లోని ఏవన్ ప్రాంతంలో 1990ల్లో పుట్టిన పిల్లలను ఏళ్ళ తరబడి గమనించారు. తొమ్మిది నెలలు దాటాక గానీ గడ్డల తిండి రుచి చూడని పిల్లలు ఏడేళ్ళప్పుడు కూడా కూరగాయలు, పళ్ళు తక్కువ తిన్నారు, తిండి దగ్గర పేచీలు ఎక్కువ పెట్టారు.

పప్పుగుత్తి గొప్పతనం, అది ఎంత మెదపాలో మీ చేతిలో ఉండడం. ఆరో నెలలో పాతిక సార్లు తిప్పుతారు, ఏడో నెలలో పది, ఎనిమిదో నెలలో అయిదారు. మెతుకు నెలనెలా కాస్త కాస్త నిలబడుతుంది. తొమ్మిదో నెలకి గుత్తి పక్కన పెట్టి వేళ్ళతో నలిపితే సరి, ఏడాదికి ఇంటి అన్నమే గోరుముద్దలు. గుత్తి కర్రది కదా, సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి, పగుళ్ళు పడితే మార్చండి.

కొలతలు: బియ్యం రెండు పాళ్ళు, పెసరపప్పు ఒక పాలు. రెండూ కలిపి గుప్పెడు, అంటే సుమారు 30 గ్రాములు, నాలుగింతలు నీళ్ళు పోసి, చిన్న గిన్నెలో కుక్కర్లో పెట్టి నాలుగైదు విజిళ్ళు రానివ్వండి. అందులోనే రెండు ముక్కలు గుమ్మడికాయో క్యారెట్టో, సన్నగా తరిగిన గుప్పెడు మునగాకో తోటకూరో. దించాక మెదిపి, ఒక టీస్పూన్ నెయ్యి, నాలుగు చుక్కల నిమ్మరసం. నిమ్మరసం రుచికోసం కాదు, పప్పులోని ఐరన్ ఒంటికి పట్టడానికి. ఉప్పు ఏడాది దాకా అక్కర్లేదు, పంచదార, బెల్లం రెండేళ్ళ దాకా వద్దు. కారం సంగతి: గుంటూరు బిడ్డ అయినంత మాత్రాన తొమ్మిదో నెలకే ఆవకాయ నాలుక్కి రాయాలని రూలేమీ లేదు.

మొదటి రెండు మూడు రోజులు పూటకి రెండు మూడు చెంచాలు, రోజుకి రెండు పూటలు. ఎనిమిదో నెల నాటికి 250 మి.లీ. గిన్నెలో సగం, రెండు మూడు పూటలు. 9 నుంచి 11 నెలలు అదే సగం గిన్నె, మూడు నాలుగు పూటలు, మధ్యలో పండు. ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు గిన్నె. తల్లిపాలు లేని బిడ్డకి ఇంకో పూట కలపండి.

గుడ్డు, చేప, కార్జం, వేరుశనగ

ఇంట్లో మాంసాహారం తింటే బిడ్డకి ఏడాది దాకా ఆపే కారణమేమీ లేదు. ఆరు నెలలు నిండినప్పటి నుంచే బాగా ఉడికిన గుడ్డు, పచ్చసొన ఒక్కటే కాదు, తెల్లసొన కూడా. చేపల్లో కొరమేను, పండుగొప్ప, చందువా నయం. బొచ్చె, రాగండి కండలో సన్నముళ్ళు దాగి ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. ఏ చేపైనా ఉడికాక వేళ్ళ మధ్య పొడిచేసి, ముల్లు లేదని వేలికి తెలిశాకే పెట్టండి. కోడి కార్జం వారానికి ఒక్కసారి, రెండు చెంచాల మెదిపిన ముద్ద చాలు, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ. శాకాహారుల ఇంట్లో పూటపూటకీ పప్పు, పక్కన నిమ్మో జామో పడాలి. పెరుగన్నం మంచిదే, కానీ మూడు పూటలూ అదే పెడితే ఐరన్ రాదు.

వేరుశనగ ఏడాది దాటాక అన్న పాతమాట ఇప్పుడు చెల్లదు. ఆలస్యం చేస్తే అలర్జీ తగ్గదు సరికదా, పెరిగే వీలుంది. మెత్తటి పొడి అర టీస్పూన్ జావలో కలిపి, పగటిపూట, బిడ్డ ఆరోగ్యంగా ఉన్న రోజున మొదలుపెట్టండి. మొదటి చెంచా పెట్టి పది నిమిషాలు ఆగండి. దద్దుర్లు, పెదాలు ఉబ్బడం, వరుస వాంతులు వస్తే ఆపి డాక్టరు దగ్గరికి, ఊపిరి కష్టమైతే వెంటనే 108కి. ఒంటి మీద తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉన్న బిడ్డకి, గుడ్డుకి ముందే అలర్జీ తేలిన బిడ్డకి డాక్టరుని అడిగాకే.

ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక మి.లీ. చొప్పున, 6 నెలల నుంచి అయిదేళ్ళ దాకా. నల్లగా విరోచనం అయినా భయం లేదు.

ఇవ్వకూడనివి

తేనె ఏడాది లోపు అసలు వద్దు. అందులో ఉండగల బాట్యులిజం (కండరాలు పట్టుతప్పే ప్రమాదకరమైన జబ్బు) బీజాలు కాచినా చావవు. ఆవుపాలు, గేదెపాలు ఏడాది లోపు ప్రధానమైన పానీయంగా వద్దు, ఏడాది దాటాక రోజుకి 400-500 మి.లీ. మించకూడదు. అరలీటరు మించి పాలు తాగే రెండేళ్ళ పిల్లాడికి ఆకలుండదు, ఐరన్ అందదు, మొహం పాలిపోతుంది. టీ, కాఫీ చుక్కయినా వద్దు.

ఊపిరికి అడ్డంపడే జాబితా మన ఇళ్ళకి తగ్గట్టు చెబుతాం: వేరుశనగ గుళ్ళు, వేపిన శనగలు, పుట్నాలు, జీడిపప్పు పలుకులు, మొక్కజొన్న గింజలు, పాప్‌కార్న్, మరమరాలు, జంతికలు, చేగోడీలు, పచ్చి క్యారెట్, పచ్చి యాపిల్, చింతగింజ, సీతాఫలం గింజ, రేగుపండు, నేరేడు, చాక్లెట్ బిళ్ళలు. గింజలూ గుళ్ళూ నాలుగైదేళ్ళ దాకా పొడి చేసే పెట్టాలి. ద్రాక్ష నిలువుగా నాలుగు చీలికలు చేయాలి, అడ్డంగా రెండు ముక్కలు చేస్తే గుండ్రదనం పోదు. వేసవిలో తాటిముంజ అందరం ఇష్టంగా ఇస్తాం. అది జారుడు, గొంతు కొలతకి సరిగ్గా సరిపోతుంది. చెంచాతో చిదిపి ఇవ్వండి.

నడుస్తూ, ఆడుతూ, ఆటోలో వెళుతూ తినిపించొద్దు. ఫోన్ చూపిస్తూ పెడితే నోట్లో ఏముందో బిడ్డకే తెలియదు. ముక్కు మూసి నోరు తెరిపించడం అన్నిటికంటే చెడ్డది.

వండినది రెండు గంటల్లో పెట్టేయాలి. మే నెల బెజవాడ ఎండలో గంట. బిడ్డ ఎంగిలి చెంచా తగిలిన మిగులు దాచకూడదు.

ఓకరింపు, ఊపిరాడకపోవడం

మొదటి నెలల్లో ఓకరింపు మామూలు. మొహం ఎర్రబడుతుంది, నాలుక బయటికొస్తుంది, దగ్గుతుంది, చప్పుడు వినబడుతుంది. అది బిడ్డ తనను తాను కాపాడుకునే పని. మీరు నోట్లో వేలు పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు, కూర్చోబెట్టి చూడండి. పొలమారితే ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అని మాడు మీద తట్టడం మనందరికీ అలవాటే, తట్టినా నష్టం లేదు గానీ దానివల్ల ఒరిగేదేమీ లేదు.

చప్పుడు ఆగిపోవడమే ప్రమాదం. ఏడవలేదు, దగ్గలేదు, పెదాలు నీలమవుతాయి. ఏడాదిలోపు బిడ్డని వెంటనే మీ ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, వీపు మీద రెక్కల మధ్య అరచేతి మణికట్టు వైపు భాగంతో అయిదు గట్టి దెబ్బలు వేయండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అయిదు నొక్కులు, ఛాతీ మందంలో మూడో వంతు లోతు. వస్తువు బయటపడేదాకా, లేదా బిడ్డ ఏడ్చేదాకా మార్చి మార్చి చేయండి. ఏడాది దాటినవాళ్ళకి వీపు మీద అయిదు దెబ్బల తర్వాత, వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి పైన అయిదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి. ఏడాదిలోపు బిడ్డకి పొట్ట మీద నొక్కకూడదు. పక్కనున్నవాళ్ళు 108కి చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి, నోట్లో కనిపిస్తేనే ముక్క తీయాలి, కనబడనిదానికోసం వేలితో కెలికితే లోపలికి దిగిపోతుంది.

వేరుశనగ తింటూ ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై, తర్వాత మామూలైపోయిన పిల్లాడికి నాలుగు రోజులుగా దగ్గు, ఒకవైపే పిల్లికూత ఉంటే జలుబని సిరప్ పోయకండి. గుళ్ళు ఎక్స్‌రేలో కనబడవు. గుళ్ళు తిన్న సంగతి మీరు చెబితేనే డాక్టరు ఆ దారిన వెతుకుతారు.

ఏ ఇంటికి ఏది

ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉండి, పొయ్యి రోజుకి మూడుసార్లు వెలిగే ఇల్లయితే పప్పుగుత్తి దారి పట్టండి. రెండు పూటలు చెంచాతో మెదిపిన అన్నం, ఒక పూట చేతికి ముక్కలు. మా దృష్టిలో ఇంతకంటే మంచి కలయిక లేదు.

ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇల్లయితే ఆదివారం బియ్యం-పప్పు రవ్వ కొట్టిపెట్టుకోండి. కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేపి, ఉప్మారవ్వలో సగం సన్నగా ఆడించి గాలి చొరని సీసాలో పోస్తే రెండు మూడు వారాలు. మూడు టేబుల్ స్పూన్లకి గ్లాసున్నర నీళ్ళు, పన్నెండు నిమిషాలు. చూసుకునే ఆయాకి ముక్కల పద్ధతి అప్పగించొద్దు, వీపు మీద దెబ్బలు వేయడం నేర్పించి, మీ ముందు రెండుసార్లు చేయించి చూసేదాకా. ముక్కలు మీరున్న పూటకి ఉంచుకోండి.

డబ్బాకి అలవాటుపడి తొమ్మిది పది నెలలకీ పేస్టే తినే బిడ్డయితే ఒక్కరోజులో మార్చకండి. నాలుగు చెంచాల పేస్టులో ఒక చెంచా మెదిపిన పప్పన్నం కలిపి మూడు రోజులు, తర్వాత రెండు చెంచాలు, అలా రెండు మూడు వారాల్లో తిప్పేయండి. నీళ్ళ చారులో తేలే మెతుకు పెట్టొద్దు, నీళ్ళు ముందు జారిపోయి మెతుకు మిగిలితే బిడ్డ బెదిరిపోతుంది. అంతా ఒకే చిక్కదనంలో ఉండాలి. కొత్త రుచిని ఎనిమిది పది సార్లు పెట్టి చూడకుండా ‘మా వాడికి ఇష్టం లేదు’ అని తేల్చేయకండి.

ప్రతి ముద్దకీ దగ్గు వస్తున్నా, తిన్నాక గొంతు గరగరమంటున్నా, పాలు ముక్కులోంచి వస్తున్నా, టీకా కార్డు మీది బరువు గీత రెండు నెలలుగా పైకి లేవకపోయినా, పద్ధతి మార్చి చూద్దామని వారాలు గడపకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. వెళ్ళేటప్పుడు ముందు రోజు బిడ్డ ఏం తిన్నదో, ఏ గిన్నెతో ఎంత తిన్నదో కాగితం మీద రాసుకెళ్ళండి.